గేమ్‌లో గుహ లెవెల్‌కి సౌండ్, మ్యూజిక్ చేసుకోవడం ఎలా? (బెంగళూరు బేస్‌మెంట్ పద్ధతి)

బెంగళూరులో పగలు ఆఫీసు, వీకెండ్‌లో సొంత గేమ్ అనుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు నన్ను అడిగే ప్రశ్న మాత్రం తిప్పి తిప్పి ఒకటే. "అన్నా, పైన ఊరి లెవెల్ బాగానే వచ్చింది. కింద గుహ లెవెల్‌కి ఒక డార్క్ ట్రాక్ పెట్టాను. భయంగా ఉంది కానీ భూమి కింద ఉన్నట్టు లేదు. ఏం చేయమంటావ్?" వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

అడిగేవాళ్లలో చాలామంది ముందు ట్రాక్ వెతుకుతారు, తర్వాత దానికి రివర్బ్ (గదిలో ప్రతిధ్వనిలా వినిపించే ఎఫెక్ట్) దట్టిస్తారు, చివర్లో గుర్తొస్తే నీటిచుక్కల శబ్దం ఒకటి పెడతారు. ఈ వరస తిరగేయండి. ముందు గది, తర్వాత ఆ గదిలో శబ్దాలు, అన్నిటికంటే చివర మ్యూజిక్. గోడ ఎంత దూరంలో ఉందో ఆడేవాడి చెవికి తెలిసిపోతే సగం పని అయినట్టే. భయపెట్టడం వేరు, భూమి కిందికి దింపడం వేరు.

కావలసినవి

- వైర్ ఉన్న హెడ్‌ఫోన్స్. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. అడుగుల చప్పుడు అడుగుతో కలిసిందో లేదో దాంతో చెప్పలేం.
- వేవ్ ఫార్మాట్‌లో రికార్డ్ చేసే యాప్ ఉన్న ఫోన్. విడిగా రికార్డర్ ఉంటే మంచిదే, లేదని ఆగొద్దు.
- శబ్దాలు కోసి అతికించడానికి ఆడాసిటీ. ఉచితం. రీపర్ ఉంటే ఇంకా హాయి, 60 రోజుల ట్రయల్ ఇస్తారు.
- గేమ్ ఇంజిన్. నేను గోడాట్ 4 పేర్లతో చెబుతాను. యూనిటీలో పేర్లు మారతాయి, పని అదే.
- నాలుగు బెలూన్లు, ఒక బకెట్, ఒక స్టీల్ చెంబు.

1. ముందు గుహని కాగితం మీద పెట్టండి

ఐదు ప్రశ్నలకి జవాబులు రాయండి. దగ్గరి గోడ ఎంత దూరం? కప్పు ఎంత ఎత్తు? నేల రాయా, మట్టా? నీళ్లున్నాయా? పైన ఏముంది?

చివరి ప్రశ్నని ఎవరూ పట్టించుకోరు, ఎక్కువ పని చేసేది అదే. 2017లో వచ్చిన హాలో నైట్ అనే గేమ్‌లో భూమి కింద ఒక నగరం ఉంటుంది, అందులో వాన ఆగకుండా పడుతూ ఉంటుంది. నేల కింద వాన ఎక్కడిదని అనుకుంటూనే నడుస్తాం. ఆ నగరానికి పైన ఒక సరస్సు ఉందని ఎప్పుడో తెలుస్తుంది. మీ గుహ పైన సంత ఉందా, రైల్వే ట్రాక్ ఉందా, చెరువు ఉందా? ఏది ఉంటే దాని శబ్దం బాగా మందగించి కిందికి ఎలా దిగుతుందో ఆలోచించండి.

దూరాన్ని అంకెలోకి మార్చడం తేలిక. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికి దాదాపు 100 మిల్లీసెకన్లు. గోడ దూరాన్ని మీటర్లలో తీసుకుని ఆరుతో గుణించండి, మిల్లీసెకన్లు వచ్చేస్తాయి. రివర్బ్‌లో ప్రీడిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు ఆలస్యం) అనే చోట వేయాల్సిన అంకె ఇదే.

మొదలుపెట్టడానికి: నడుం వంచి నడిచే సొరంగానికి ప్రీడిలే 5 నుంచి 10 మిల్లీసెకన్లు, ప్రతిధ్వని తోక (ప్రతిధ్వని పూర్తిగా కరిగిపోవడానికి పట్టే సమయం) ఒక సెకను లోపు. పెద్ద రాతి హాలుకి ప్రీడిలే 40 నుంచి 80, తోక 3 నుంచి 5 సెకన్లు. నేల మట్టి అయితే తోక తగ్గించండి, పై ఫ్రీక్వెన్సీలు ముందే చచ్చిపోవాలి.

2. శబ్దాలు పోగేయండి

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ పార్కింగే మీ గుహ. కాంక్రీటు కప్పు, స్తంభాలు, ఒక మూల నుంచి ఇంకో మూలకి ఖాళీ. రాత్రి ఒంటిగంట దాటాక వెళ్లండి. ముందు సెక్యూరిటీ అన్నకి చెప్పండి. ఆయనకి తెలుగు రాకపోతే కన్నడలో రెండు ముక్కలు, ఫోన్ చూపించడం, నవ్వడం చాలు. చెప్పకుండా బెలూన్ పేల్చారంటే మరుసటి రోజు అసోసియేషన్ గ్రూప్‌లో మీ ఫ్లాట్ నంబర్ వస్తుంది. ఏదో ఒక కారు అలారం ఎలాగూ మోగుతుంది, దానికి మానసికంగా సిద్ధపడండి.

ఫోన్‌ని ఒక స్తంభం దగ్గర నేలకి నాలుగడుగుల ఎత్తున పెట్టి, పది పదిహేను అడుగుల దూరంలో బెలూన్ పేల్చండి. తోక పూర్తిగా చచ్చేదాకా కదలొద్దు, ఊపిరి కూడా మెల్లగా. రికార్డింగ్ లెవెల్ మైనస్ 6 డీబీ (డెసిబెల్స్) దాటకూడదు. దాటితే ఫోన్‌ని ఇంకా దూరం జరపండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు: మామూలు వాయిస్ రికార్డర్ వాడటం. అది మాట బాగా వినపడాలని నాయిస్ తగ్గిస్తుంది. దాని దృష్టిలో ప్రతిధ్వని తోక కూడా నాయిసే. యాప్ సెట్టింగ్స్‌లో నాయిస్ రిడక్షన్, ఆటో గెయిన్ (శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించడం) రెండూ ఆపేయండి. పరీక్ష ఇలా: ఒక్కసారి చప్పట్లు కొట్టి రికార్డ్ చేసి వినండి. తోక మెల్లగా కరిగిపోవాలి. టక్కున తెగిపోతే యాప్ మార్చండి.

రెండో తప్పు, ఎగ్జాస్ట్ ఫ్యాన్, నీళ్ల మోటార్ నడుస్తుండగా తీయడం. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఆ ఝుంకారం 50, 100, 150 దగ్గర కూర్చుంటుంది. మోటార్ ఆగేదాకా ఆగడం ఉత్తమం. కుదరకపోతే ఆడాసిటీలో నాచ్ ఫిల్టర్‌తో (ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రమే కోసేది) ఆ మూడు చోట్లా తీసేయండి. ఆ మోటార్ శబ్దాన్నే విడిగా రెండు నిమిషాలు తీసి పెట్టుకోండి, మూడో మెట్టులో పనికొస్తుంది.

నీటిచుక్కలకి బాత్రూం చాలు. చుక్క పడినప్పుడు వచ్చే ఆ 'టింగ్' నీళ్లు తగలడం వల్ల రాదు. చుక్క నీళ్లలోకి దిగాక లోపల చిక్కుకున్న చిన్న గాలిబుడగ కంపించడం వల్ల వస్తుంది. అందుకే చుక్క ఉత్త నేల మీద పడితే 'టప్' అంటుంది తప్ప మోగదు. బకెట్‌లో మూడు నాలుగు అంగుళాల నీళ్లు ఉంచి, కుళాయిని చుక్కచుక్కగా వదలండి. బకెట్ ఎత్తు మారుస్తూ, నీళ్లు పెంచుతూ, స్టీల్ చెంబులోకి మారుస్తూ కనీసం పదిహేను వేర్వేరు చుక్కలు తీయండి. ఒకే చుక్కని పదిహేనుసార్లు కాపీ చేస్తే చెవి రెండో నిమిషంలో పట్టేస్తుంది.

అసలు గుహే కావాలంటే బెంగళూరు నుంచి వీకెండ్ డ్రైవ్ దూరంలో బేలం గుహలున్నాయి. నంద్యాల జిల్లా, కనుక్కున్నంత మేర పొడవు 3,229 మీటర్లు. లోపల పాతాళగంగ దగ్గర నీళ్ల చప్పుడు వినొచ్చు. సప్తస్వరాల గుహ అనే చోట సున్నపురాయి వేలాడే భాగాలు తడితే లోహంలా మోగుతాయి. వాటిని రాళ్లతో కొట్టి రికార్డ్ చేద్దామని మాత్రం అనుకోకండి. అవి వేల ఏళ్లు పట్టి పెరిగినవి, విరిగితే విరిగినట్టే. ఆదివారం వెళ్తే మీకు దొరికేది పిల్లల కేకలు. వారం మధ్యలో, తెరిచిన వెంటనే వెళ్లండి. రికార్డింగ్‌కి ముందే అనుమతి అడగండి. లోపల ఉక్కపోత ఎక్కువ, చెమట చేతులతో మైకు పట్టుకుంటే ఆ చప్పుడే పడుతుంది. చిన్న స్టాండ్ తీసుకెళ్లండి.

మెట్రో గురించి కూడా అడుగుతుంటారు. స్టేషన్లో మైకు తీసి నిలబడితే సెక్యూరిటీవాళ్లు వచ్చి ప్రశ్నలేస్తారు, అది వదిలేయండి. కానీ పర్పుల్ లైన్‌లో ఎంజీ రోడ్ నుంచి కబ్బన్ పార్క్ వైపు ఒకసారి కళ్లు మూసుకుని ప్రయాణం చేయండి. ఎంజీ రోడ్ స్టేషన్ వంతెన మీద, కబ్బన్ పార్క్ భూమి కింద. రైలు దిగి సొరంగంలోకి దూరేటప్పుడు ఏం మారుతుందో గమనించండి. చక్రాల శబ్దం గోడలకి తగిలి వెనక్కొచ్చి ఒక్కసారిగా దగ్గరికి, చిక్కగా వస్తుంది. రోడ్డు చప్పుడు మాయమవుతుంది. ఏడో మెట్టులో మనం చేయబోయేది సరిగ్గా ఇదే.

3. పరుపు వేయండి

పరుపు అంటే గుహలో ఏమీ జరగనప్పుడు కూడా వినిపించే శబ్దం. రెండు పొరలు చాలు. ఒకటి కింది పొర: ఆ మోటార్ రికార్డింగ్‌ని ఒక ఆక్టేవ్ (సగం ఫ్రీక్వెన్సీకి) దించి, పైన 300 హెర్ట్జ్ దాటినదంతా కోసేయండి. రెండోది గాలి పొర: బేస్‌మెంట్‌లో ఏమీ చేయకుండా తీసిన రెండు నిమిషాల నిశ్శబ్దం.

పొడవులు ఒకేలా పెట్టొద్దు. ఒకటి 47 సెకన్లు, ఇంకోటి 61 సెకన్లు పెట్టి చూడండి. రెండూ మళ్లీ ఒకేచోట మొదలవడానికి దాదాపు 48 నిమిషాలు పడుతుంది. రెండూ 60 సెకన్లయితే ప్రతి నిమిషానికీ అదే గుహ.

అతుకు కనపడకుండా: క్లిప్‌ని మధ్యకి కోసి, రెండో సగాన్ని ముందుకి, మొదటి సగాన్ని వెనక్కి మార్చండి. మధ్యలో వచ్చిన అతుకు మీద రెండు సెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) వేయండి. ఇప్పుడు ఫైల్ చివర, మొదలు సహజంగానే కలుస్తాయి. ఓజీజీగా సేవ్ చేయండి. ఎంపీత్రీ వద్దు, అది మొదట్లోనూ చివర్లోనూ కొంచెం ఖాళీ కలుపుతుంది, లూప్ తిరిగినప్పుడల్లా చిన్న గతుకు. సరిగ్గా వచ్చిందా అని చూడాలంటే లూప్ వేసి వేరే పని చేసుకోండి. ఎక్కడైనా తల పైకెత్తి చూశారంటే అక్కడ అతుకు ఉన్నట్టే.

లోతైన గుహలో కీచురాళ్లు, హోరుగాలి పెట్టకండి. గాలి గుహ నోటి దగ్గరే. లోపలికి పోయేకొద్దీ అది తగ్గడమే ఆడేవాడికి దారి చెబుతుంది.

4. చుక్కలు, రాళ్లు, అడుగులు

వీటిని లూప్‌లో కలపకండి. విడిగా పెట్టి ఇంజిన్ చేత వేయించండి. గోడాట్‌లో ఆడియోస్ట్రీమ్ రాండమైజర్ ఉంది. మీ పదిహేను చుక్కలూ అందులో వేసి, పిచ్, వాల్యూమ్ కొంచెం అటూ ఇటూ మారేలా పెట్టండి. టైమర్‌కి 2 నుంచి 11 సెకన్ల మధ్య ఏదో ఒక సంఖ్య ఇవ్వండి. మైన్‌క్రాఫ్ట్‌లో చీకటి చోట ఉన్నప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక వింత శబ్దం వస్తుంది. అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే దాని బలం.

ఒక శబ్దానికి ఒక చోటు ఉండాలి. చుక్క పడేది ఆ ఎడమ గుంటలోనే అయితే ఎప్పుడూ అక్కడి నుంచే రావాలి. బుర్ర చుట్టూ తిరిగే చుక్కలు హెడ్‌ఫోన్స్‌లో ఐదు నిమిషాలు సరదాగా ఉంటాయి, ఆ తర్వాత తలనొప్పి.

5. రివర్బ్

ఇంగువ లాంటిది. ఉందని తెలియాలి, కనపడకూడదు.

ఆడియో బస్‌లలో (చాలా శబ్దాలు కలిసి వెళ్లే దారులు) 'గుహ' అని ఒకటి తయారుచేసి, రివర్బ్ దాని మీద ఒక్కసారే పెట్టండి. ప్రతి శబ్దానికీ విడిగా వేస్తే ఒక్కొక్కటి ఒక్కో గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది. గోడాట్ రివర్బ్‌లో ప్రీడిలేకి మొదటి మెట్టు అంకె వేయండి. రూమ్ సైజ్ చెవితో, డ్యాంపింగ్ (పై ఫ్రీక్వెన్సీలు ఎంత త్వరగా చావాలో) నేలని బట్టి. హైపాస్ (కింది ఫ్రీక్వెన్సీలని ఆపేది) కాస్త పెంచండి. కింది ఫ్రీక్వెన్సీ శబ్దాలు రివర్బ్‌లోకి వెళ్తే అంతా బురద. చాలా గుహ లెవెల్స్ చెడిపోయేది ఇక్కడే.

బెలూన్ రికార్డింగ్ గుర్తుందా? రీపర్‌లో రియావర్బ్ అనే ఎఫెక్ట్ తెరిచి ఆ ఫైల్‌ని లోడ్ చేస్తే, మీరు వేసే ఏ శబ్దమైనా మీ బేస్‌మెంట్‌లో జరిగినట్టు వినిపిస్తుంది. ముందు ఖాళీ లేకుండా, పేలిన క్షణం నుంచే మొదలయ్యేలా ఫైల్‌ని కోయండి. గోడాట్‌లో దీనికి సొంత ఎఫెక్ట్ లేదు. కాబట్టి దూరపు రాళ్లు పడటం, తలుపు మూసుకోవడం లాంటి స్థిరమైన వాటికే ఇది ముందుగా వేసి సేవ్ చేసుకోండి. అడుగులకి బస్ రివర్బే. బెలూన్ గొడవ వద్దనుకుంటే ఓపెన్‌ఎయిర్ అనే ఉచిత లైబ్రరీలో ఇలాంటి రికార్డింగులు దొరుకుతాయి.

6. ఇప్పుడు మ్యూజిక్

1985 సూపర్ మారియో బ్రదర్స్‌లో కోజీ కోండో చేసిన అండర్‌గ్రౌండ్ ట్యూన్ ఒకసారి మళ్లీ వినండి. కింది స్థాయిలో కొన్ని నోట్లు, ఒక ఖాళీ, మళ్లీ అవే. ఆ ఖాళీలో మీ దూకుడు, మీ నాణెం వినిపిస్తాయి. 1986 మెట్రాయిడ్‌కి హిరోకాజు తనాకా ఇంకో దారి పట్టాడు. ఏది మ్యూజిక్, ఏది గేమ్ శబ్దం అని విడదీయలేనట్టు చేసి, పాడుకోగల ట్యూన్‌ని ఆట గెలిచాక చివరికి దాచిపెట్టాడు. నా ఓటు తనాకాకి. కానీ చిన్న మొబైల్ గేమ్‌కి, ఐదు నిమిషాల లెవెల్స్‌కి కోండో పద్ధతే తేలిక.

చేసే విధానం: ఒక శ్రుతి, ఐదు స్వరాలు, నిమిషానికి 60 బీట్ల లోపు వేగం. ఒక పదబంధం వాయించాక కనీసం అంతే సేపు ఖాళీ. ప్రతిధ్వని తోక 4 సెకన్లు అయితే రెండు సెకన్ల దాకా రెండో స్వరం వేయకండి. షడ్జం పక్కనే శుద్ధ రిషభం వేస్తే మంచి ఉక్కిరిబిక్కిరి వస్తుంది, తోకలు ఒకదాని మీద ఒకటి పడితే మాత్రం గజిబిజి.

మనవాళ్లకి ఒక ప్రత్యేక హెచ్చరిక. శుద్ధ రిషభం వచ్చింది కదా అని మాయామాళవగౌళలోకి జారిపోకండి. సరళీ వరుసలు అందులోనే నేర్పుతారు. చిన్నప్పుడు సంగీతం క్లాసుకి వెళ్లిన ఎవరికైనా గుహ మాయమై టీచర్ గారి హాలు కనపడుతుంది. తంబురా కూడా అంతే, ఉన్నదున్నట్టు పెడితే కచేరీ. ఒక ఆక్టేవ్ దించి, పైభాగం కోసి, తీగ మీటిన చప్పుడు తీసేస్తే అది మంచి రాతి శ్రుతి.

మ్యూజిక్‌ని గుహ బస్‌లోకి పంపొద్దు. దానికి విడి బస్, కొంచెమే రివర్బ్. లేకపోతే గుహలో ఎవరో స్పీకర్ పెట్టినట్టు ఉంటుంది. (మీకు కావలసింది అదే అయితే, అంటే గుహలో ఎవరో నిజంగా వాయిస్తుంటే, అప్పుడు పంపండి.)

ప్రమాదం వచ్చినప్పుడు ట్రాక్ మార్చకుండా పొర కలపండి. గోడాట్ 4.3 నుంచి ఆడియోస్ట్రీమ్ సింక్రొనైజ్డ్ ఉంది. శ్రుతి, స్వరాలు, డప్పు మూడూ కలిసే నడుస్తాయి, మీరు డప్పు వాల్యూమ్ ఒక్కటే పెంచుతారు.

7. గుమ్మం

పైనుంచి కిందికి దిగే ఆ పది అడుగులు. బయటి శబ్దానికి లోపాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలని కోసేది) వేసి రెండు మూడు సెకన్లలో మూసేయండి. అదే సమయంలో పరుపు పైకి రావాలి. మ్యూజిక్ వెంటనే మొదలెట్టకండి. కనీసం పదిహేను ఇరవై సెకన్లు అడుగుల చప్పుడు మాత్రమే వినపడనివ్వండి.

రెండు చిక్కులు ఎప్పుడూ వస్తాయి. ఒకటి, డీబీ విలువని 0 నుంచి మైనస్ 80కి నేరుగా తగ్గిస్తే సగం దారిలోనే శబ్దం మాయమైపోతుంది. రెండు శబ్దాలు మారే చోట గుంత పడుతుంది. విలువని 0 నుంచి 1 మధ్య నడిపి, లీనియర్ టు డీబీ ఫంక్షన్‌తో మార్చుకోండి. రెండోది, ఆడేవాడు సరిగ్గా గీత మీద నిలబడి అటూ ఇటూ కదిలితే సౌండ్ వచ్చి పోయి వచ్చి పోతుంది. ఒక గీత బదులు రెండు పెట్టండి. లోపలి గీత దాటితే గుహ మొదలు, బయటి గీత దాటితేనే గుహ ఆఖరు.

8. సరిచూసుకోవడం

ఫోన్ స్పీకర్‌లో వినండి. మన దగ్గర ఎక్కువమంది ఆడేది అందులోనే, అది 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మీరు కష్టపడి చేసిన 60 హెర్ట్జ్ శ్రుతి అక్కడ సున్నా. ఆ ట్రాక్‌కి కాస్త శాచురేషన్ (పై ఫ్రీక్వెన్సీలు పుట్టించే తేలికపాటి గరుకుదనం) వేయండి, లేదా ఒక ఆక్టేవ్ పైన మెల్లగా ఇంకో కాపీ కలపండి.

మోనోలో (ఎడమ, కుడి శబ్దాలు ఒకటిగా కలిపి) వినండి. ఏదైనా పొర మాయమైతే దాని స్టీరియో వెడల్పు తగ్గించాలి.

లౌడ్‌నెస్ మీటర్ పెట్టి ఇరవై నిమిషాల ఆట కొలవండి. సోనీ తన టీవీ కన్సోల్ గేమ్‌లకి మైనస్ 24, చేతిలో పట్టుకుని ఆడేవాటికి మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినపడే బిగ్గరతనం కొలత) చుట్టూ ఉండమంటుంది. మొబైల్‌కి రెండో అంకె దగ్గర మొదలుపెట్టండి.

ఆ తర్వాత రూమ్మేట్‌ని కూర్చోబెట్టి, స్క్రీన్ చూపించకుండా వినిపించండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు, "బాగుంది బ్రో" అంటాడు. "ఇది మన పీజీ రూమ్ కంటే పెద్దదా? నీళ్లు ఎటువైపున్నాయి? కప్పు చేతికి అందుతుందా?" అని అడగండి. మూడింటికి రెండు తప్పు చెబితే మ్యూజిక్ ముట్టుకోకండి, మొదటి మెట్టు అంకెలకి వెళ్లండి.

స్టోర్‌లో పెట్టే ముందు చివరి పని. ఫ్రీసౌండ్ లాంటి చోట్ల నుంచి తెచ్చుకున్న ప్రతి ఫైల్ లైసెన్స్ చూడండి. సీసీ జీరో అయితే ఏ షరతూ లేదు. అట్రిబ్యూషన్ అని ఉంటే క్రెడిట్స్‌లో పేరు వేయాలి. నాన్ కమర్షియల్ అని ఉంటే అమ్మే గేమ్‌లో, యాడ్స్ ఉన్న గేమ్‌లో పెట్టొద్దు. ఈ వివరాలు ఫైల్ దింపుకున్న రోజే ఒక షీట్‌లో రాసుకోండి, ఆరు నెలల తర్వాత ఆ చుక్క ఎక్కడిదో గుర్తుండదు.